అరిగిపోయిన అంకె

మా ఆయన్ని ఊళ్ళో అందరూ పిస్తోలుగారంటారు. నన్ను పిస్తోలుగారి భార్య అంటారు. పెళ్ళికి ముందు నాకంటూ ఒక పేరుండేది. అది ఇప్పుడు కరెంటు బిల్లు మీద కూడా లేదు.

ఆయన రాళ్ళ క్వారీ కంపెనీలో క్యాషియరుగా చేశారు. జీతాల రోజున డబ్బు సంచీ జీపులో పెట్టుకుని ఊరి బయట క్వారీ దాకా వెళ్ళి పంచి రావాలి. దారంతా నరమానవుడు కనపడని చోటు కాబట్టి కంపెనీవాళ్ళు సిఫార్సు చేసి లైసెన్సు ఇప్పించారు. ఈయన పాత పిస్తోలొకటి కొనుక్కున్నారు. అమ్మినవాడు ఒకే మాట చెప్పాడట: "పైపైన శుభ్రంగా తుడుచుకోండి, లోపల మాత్రం చెయ్యి పెట్టకండి" అని. నేను చెప్పిన మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, ఆ ముక్కని మాత్రం ప్రాణంలా పట్టుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున్నే బల్ల మీద పేపరు పరిచి, ఇత్తడి సామాను తోమే పాలిషు రాసి, నా దిండు గలీబులు చించి, దాన్ని తళతళలాడేదాకా రుద్దేవారు. ఇంట్లో ఫ్యాన్ల మీద దుమ్ము గుడ్డలా వేలాడుతున్నా ఆయన కంటికి ఆనేది కాదు.

ఒక్కసారంటే ఒక్కసారి దాన్ని పేల్చింది లేదు. ఒకసారి మాత్రం క్వారీ దారిలో కొందరు జీపుకి అడ్డంగా నిలబడ్డారట. ఈయన కిందికి దిగి, నడుం దగ్గర చెయ్యి పెట్టి, ఉలక్కుండా పలక్కుండా నిలబడ్డారట. వాళ్ళు కాసేపు చూసి తప్పుకున్నారట. ఇదంతా డ్రైవరు ఊరంతా టాంటాం వేసిందే. పిస్తోలుగారన్న పేరు అప్పుడు వచ్చింది.

రిటైరయ్యాక అది బీరువా అడుగున ఇనప్పెట్టెలోకి చేరింది. నేనూ మర్చిపోయాను. ఇంతలో మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, మనవరాలికి నడక వచ్చింది. అందిన తలుపల్లా లాగే వయసు దానిది.

"పాపని పగలంతా నీ దగ్గరే వదలాలని ఉందమ్మా" అంది అమ్మాయి. "కానీ ఆ పిస్తోలు ఇంట్లో ఉన్నంతవరకు మాత్రం వదల్లేను. నేను ఉద్యోగంలో చేరేలోగా దాన్ని పంపించెయ్యండి. లేకపోతే పిల్లల్ని చూసుకునే సెంటర్లో చేర్పిస్తా. అక్కడ ఒకసారి చేర్పించాక మళ్ళీ మానిపించను."

దాని మాటలో తప్పేం లేదు. నేనైనా అదే అనేదాన్ని. పోలీసు స్టేషన్లో ఇచ్చేసి చేతులు దులుపుకుందామన్నాను.

"ఇన్నేళ్ళు నన్ను కాపాడినదాన్ని పాత సామానులా పారేస్తానా?" అన్నారు ఈయన. "నాలాగే చూసుకునేవాడికి అమ్ముతా."

దొరికాడు ఒకాయన, కోళ్ళఫారం ఆసామి. లైసెన్సూ ఉంది, మర్యాదా ఉంది. నన్ను వదినగారూ అన్నాడు. పాత సైకిలు అమ్మినట్టు ఇచ్చి పుచ్చుకుంటే అయిపోతుందనుకున్నాను. నా అంత అమాయకురాలు ఉండదు.

అమ్మేవాడు అమ్మడానికి అనుమతి తెచ్చుకోవాలట. కొనేవాడు కొనడానికి తెచ్చుకోవాలట. ఒకాయన లైసెన్సులోంచి పిస్తోలు దిగి, ఇంకొకాయన లైసెన్సులోకి ఎక్కాలట. ఆ దిగడానికీ ఎక్కడానికీ మధ్య అది ఎవరి చేతిలో ఉండాలంటే ఆ లైసెన్సుల ఆఫీసులో ఎవడూ చెప్పడు. ఎడమ కిటికీలో గుమాస్తా "ముందు కొనేవాళ్ళ అనుమతి తెండి" అన్నాడు. కుడి కిటికీలో గుమాస్తా "ముందు అమ్మేవాళ్ళది తెండి" అన్నాడు. వాళ్ళిద్దరి కుర్చీల మధ్య జానెడు దూరం లేదు. మధ్యాహ్నం ఒకే సీసాలో నీళ్ళు తాగుతారు. మా ఆయనా, కోళ్ళఫారం ఆయనా మాత్రం ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి పోస్టు ఉత్తరాల్లా తిరుగుతున్నారు. ఈయన ప్రతిసారీ "థాంక్యూ సార్" అని మరీ తిరుగుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మాయి ఉద్యోగంలో చేరే రోజు దగ్గర పడుతోంది. సెంటరువాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. ఆ వారం వాళ్ళిద్దరి వెంట నేనూ వెళ్ళాను. ఇద్దరి కాగితాలూ లాక్కుని, రెండు కిటికీల మధ్యనున్న స్తంభం దగ్గర నిలబడ్డాను.

"బాబూ, ఇటు చూడు. నువ్వూ ఇటు చూడు. ఇద్దరూ ఒకేసారి ముద్ర వెయ్యండి. ముద్రలు పడేదాకా నేను కదలను. నాకు ఇంట్లో పనేమీ లేదు."

పనంతా ఇంట్లో పడి ఏడుస్తోందనుకోండి. అయినా వేశారు.

ఇక పిస్తోలు తెచ్చి నంబరు సరిచూపించాలి. అంతే మిగిలింది. ఈయన ముందురోజు దాన్ని మరీ ప్రేమగా తోమారు. ఎడమ కిటికీ గుమాస్తా దాన్ని దీపం కిందకి తిప్పాడు, భూతద్దం పెట్టాడు, లైసెన్సు చూశాడు, మళ్ళీ భూతద్దం పెట్టాడు.

"ఆఖరి అంకె ఏది సార్?"

"ఉండాలే" అన్నారు ఈయన.

"లేదు. నున్నగా ఉంది. ఏం చేశారు దీన్ని?"

"ఏం చేశానండీ, ప్రతివారం తుడుచుకున్నాను."

"ఇన్నేళ్ళూనా?"

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క వారం కూడా మానలేదు" అన్నారు ఈయన, మెచ్చుకుంటాడేమోనని.

నేను నెత్తి కొట్టుకున్నాను. నా గలీబులే ఆ అంకెని తినేశాయి. లైసెన్సు తిరగరాయించుకున్న ప్రతిసారీ పుస్తకానికి ముద్ర గుద్దారే గాని, వస్తువు చూసినవాడు లేడు. నంబరు లేని పిస్తోలు మా ఆయనది కాదట. ఎవరిదో తెలియదట. మా బీరువాలో ఇన్నేళ్ళు పడుకున్నది ఎవరిదో తెలియకపోవడమేమిటని అడిగితే, "రూలు అంతేనమ్మా" అన్నాడు.

అదే ఆవరణలో వెనక షెడ్డులో తుపాకుల మరమ్మతు మేస్త్రీ ఉంటాడు. లోపల గొట్టం మీద కూడా నంబరు ఉంటుంది, విప్పించి చూద్దామన్నాడు గుమాస్తా. అందరం వెళ్ళాం. మేస్త్రీ లాగాడు, రాలేదు. నూనె పోసి, చెక్క సుత్తితో తట్టి తట్టి ఊడదీశాడు. లోపల్నుంచి ఎర్రటి పొడి బల్ల మీద రాలింది.

"నంబరు ఉంది. సరిపోయింది" అన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకునేలోపే, "కానీ ఇది పేలదు" అన్నాడు.

"ఎందుకు పేలదు? అమ్మినవాడు చెప్పినట్టు లోపల చెయ్యి కూడా పెట్టలేదే!" అన్నారు ఈయన.

"స్ప్రింగు తుప్పు పట్టి తూటాని కొట్టే కడ్డీకి అతుక్కుపోయింది. ఇది నిన్నా మొన్నటిది కాదండీ. మీరు కొన్ననాటికే ఇలా ఉండుంటుంది. అందుకే లోపల చెయ్యి పెట్టొద్దని చెప్పుంటాడు."

కోళ్ళఫారం ఆయన "అన్నగారూ, ఏమీ అనుకోకండి" అని తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమాస్తా ఇంకో కాగితం తెచ్చాడు. పనికిరాని ఆయుధం అప్పగించడానికి ఒక్క సంతకం చాలట. ఈ ఒక్క సంతకం కోసమా మమ్మల్ని ఇన్నాళ్ళు చెప్పులరిగేలా తిప్పారని నోటిదాకా వచ్చింది. ఈయన మొహం చూసి మింగేశాను. ఆయన సంతకం పెట్టి, అలవాటుగా "థాంక్యూ సార్" అన్నారు.

బస్సెక్కాం. టికెట్లు జేబులో పెట్టుకుంటూ ఈయన నెమ్మదిగా అన్నారు. "అయితే ఆ రోజు క్వారీ దారిలో నా దగ్గర ఏమీ లేనట్టే కదా. ఉత్త చేతులతో నిలబడ్డానన్నమాట."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏడుపు తర్వాత చూసుకుందామని కోపమే బయటపెట్టాను.

"అవును, ఉత్త చేతులే. వాళ్ళు జడిసింది మిమ్మల్ని చూసి. పాలిషు పెట్టిన తుప్పుముక్కని చూసి కాదు. ఇన్నేళ్ళూ దాన్ని తోమి తోమి, ఆ పేరంతా దానికి కట్టబెట్టారు."

ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలాసేపే తుడుచుకున్నారు.

అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజున పాపని మా గడపలో దింపి, బీరువా అడుగుదాకా చూసుకుని మరీ వెళ్ళింది. ఆ ఆదివారం పాప అమ్మతో కలిసి, తన మూడు చక్రాల బండితో సహా మళ్ళీ వచ్చింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి బల్ల మీద పేపరు పరిచి ఉంది. నూనె డబ్బా ఉంది. నా కొత్త గలీబు రెండు ముక్కలై ఉంది. పాప మూడు చక్రాల బండి తలకిందులుగా పడుంది. చక్రాలొక పక్క, పెడళ్ళొక పక్క, మరలన్నీ ఒక గిన్నెలో.

"ఏం చేస్తున్నారండీ?"

"ముందు లోపల చూడాలే" అన్నారు, తలెత్తకుండానే. "పైపైన తుడిస్తే ఏం తెలుస్తుంది?"

లోపలంతా బాగానే ఉందట. మధ్యాహ్నమైంది. పాప ఆ గిన్నె పక్కన కూర్చుని బండి కోసం గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ బండిని మళ్ళీ బిగించడం ఆయనకి రావడం లేదు.