గంగవతల దేశంలో వాన

యుద్ధాల చరిత్ర రాసినవాళ్లకు బురద పట్టదు. ఏ రాజు ఏ రాజును ఎక్కడ ఓడించాడో రాస్తారు, కోటగోడ ఎంత మందమో రాస్తారు. ఫిరంగి బండి ఇరుసుదాకా దిగబడి, ఎడ్లు మోకాళ్ల మీద కూలి, ఆ పూటకు యుద్ధమే ఆగిపోయిన సంగతి మాత్రం ఎక్కడో అడుగున ఒక్క ముక్క. దేశం మీద పడి తిరిగిన రోజుల్లో పాత రణరంగాలు చాలానే చూశాను. ప్రతిచోటా కత్తులు చూపించారు, డాళ్లు చూపించారు, నేల చూపించినవాడు లేడు. వానను లెక్కలోకి తీసుకున్న సేనాపతిని నేను చూసింది ఆర్మూర్‌లో. పేరు దేవిదాస్. అతని దేశమంతా ఒక బల్ల మీద పట్టేది.

దేవిదాస్ షార్జాలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కారు నడిపేవాడు. ఆ దొరకు శుక్రవారం వచ్చిందంటే బొమ్మ సైనికులతో బల్ల మీద యుద్ధం ఆడటమే పని. సీసపు బొమ్మలకు రంగులు వేసే పని డ్రైవర్‌కు అప్పజెప్పాడు. ఎదురాడే స్నేహితుడు సెలవు మీద పోయిన వారం డ్రైవర్‌నే పిలిచి కూర్చోబెట్టాడు. ఎనభై ఏడులో దొర స్వదేశం పోతూ బొమ్మలన్నీ మూటగట్టుకొని, ఆట నియమాల పుస్తకం మాత్రం దేవిదాస్ చేతిలో పెట్టాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టేప్‌రికార్డర్లు, పూల దుప్పట్లు తెచ్చేవాళ్లు. దేవిదాసూ అవి తెచ్చాడు. ఊరు గుర్తుపెట్టుకున్నది పుస్తకాన్నే.

బొమ్మలు నిర్మల్‌లో చేయించాడు. పొనికి కర్రతో పండ్లూ పక్షులూ చెక్కే ఒక ముసలాయన దగ్గర కూర్చొని, చిటికెన వేలంత సిపాయిలు, ఎడ్లు కట్టిన ఫిరంగి బండ్లు.

"గింత చిన్నగ జేస్తె పిల్లలు మింగుతరు" అన్నాడట ఆ ముసలాయన.

"పిల్లలకు గాదు తాతా, నాకు."

ఆయన తలెత్తి ఒకసారి చూసి, ఇక ఏమీ అడగకుండా చెక్కడం మొదలుపెట్టాడట.

ఇంటి ముందుగది నిండా టేకు బల్ల. దాని మీద ఇసుక, ఎర్రమట్టి, నల్లమట్టి. ఊరి గుట్ట కింద ఏరుకొచ్చిన నల్లరాళ్లతో ఒకవైపు గుట్టలు, ఒకవైపు మైదానం, మధ్యలో వాగు. గుట్టల మీద గుట్టోళ్లు, మైదానంలో వాగోళ్లు, వాగు నీళ్ల కోసం వాళ్లకూ వీళ్లకూ తరాల పగ. ప్రతి ఊరికీ పేరుంది, అంగడి రోజుంది, ఒక ఊళ్లో ఎవరి మాటా వినని కుంటి పటేల్ కూడా ఉన్నాడు. దేశం పేరు గంగవతల. ఈ వైపు గోదావరిని గంగ అనే అంటారు, దాని అవతలి ఒడ్డున నిర్మల్.

"గంగవతల అంటె నిర్మలే గదనే" అని అడిగినవాళ్లకు, "గీ గంగ గాదు, ఇంకో గంగ" అని ఓపికగా చెప్పేవాడు.

మొదటి యుద్ధం చిన్ననాటి స్నేహితుడు గంగాకిషన్‌తో. రైతుల పసుపును కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపే మనిషి, బస్తాలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకొనే సరుకు ఎలాంటిదో చెప్పగలడు. దొర పుస్తకంలో వాతావరణానికి పాచికలు వెయ్యాలని ఉంది. వేస్తే, నది గడ్డకట్టింది, మీదినుంచి సైన్యం నడిచిపోవచ్చు అని వచ్చింది.

"గంగ గడ్డకడ్తదా?" అన్నాడు గంగాకిషన్. "మా ముత్తాత గూడ జూడలె గసొంటి ముచ్చట. నా సిపాయిలు నడువరు. నువ్వు నడిపిచ్చుకో."

ఆ రోజే దేవిదాస్ పుస్తకంలో వాతావరణం పేజీలను మడిచిపెట్టాడు. తన దేశానికి తన వాన ఉండాలి. రైతు చూసినా వంక పెట్టలేని వాన.

అతను చేసిన మొదటి ఏర్పాటు చూసినప్పుడు నేనూ తల ఊపాను. మట్టికుండలో ఎండు పసుపు, అన్నీ ఒకే కొలతకు విరిచి, వేశాడు. పొడుగ్గా ఊరే కొమ్ము ముక్క చేతికొస్తే ఎండ, గుండ్రటి తల్లిదుంప, అంటే మండ ముక్క వస్తే వాన. రోహిణి కార్తెకు కుండ నిండా కొమ్ములు, ఆరుద్రకు మండలు ఎక్కువ. ఆడేవాళ్లు వంతులవారీగా చూడకుండా తియ్యాలి. చక్కటి పద్ధతి. ప్రపంచంలో ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది, ఆర్మూర్‌లో తప్ప.

ఎందుకంటే కొద్ది ఆదివారాలకే గంగవతల దేశంలో వింతలు మొదలయ్యాయి. గుట్టోళ్లకు వాన కావాలంటే వాన, వాగోళ్లకు ఎండ కావాలంటే ఎండ. మండు రోహిణిలో ముసురు పట్టింది. ఎవరూ కావాలని మోసం చెయ్యలేదు. పసుపు మధ్య పుట్టి పెరిగిన ఊరి వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఆ సంగతి బయటపెట్టింది దేవిదాస్ మామ లింగన్న. నందిపేట్ వైపు పసుపు పండించే రైతు, తన మాట నెగ్గితే గాని ఊరుకోని మనిషి. ధర వచ్చేదాకా తన పసుపు బస్తాలు కూతురింటి ముందుగదిలో వేసుకోవడం ఆయనకు అలవాటు. ఆ గదిలో ఇప్పుడు ఒక దేశం ఉంది. ఆ కోపం కడుపులో ఉండగా వచ్చి, కుండ ముందు కూర్చున్నాడు.

"ఏం గావాలె అల్లుడా, వానా ఎండా?"

"వాన" అన్నాడు దేవిదాస్.

లింగన్న కళ్లు మూసుకొని మండ తీశాడు. "ఇప్పుడు ఎండనా?" కొమ్ము తీశాడు. "మల్ల వాన." మండ. అడిగినవారికి అడిగినట్టు తీసి ఇస్తూ పోయాడు. నవ్వు ఆపుకోలేక గంగాకిషన్ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దేవిదాస్ చివరికి తనూ చెయ్యి పెట్టి చూశాడు. అతని వేళ్లకూ తెలిసిపోయింది.

"నీ దేశంల వాన మా వేలు జెప్పినట్టు గురుస్తది" అన్నాడు లింగన్న. "అబద్ధపు దేశం, అబద్ధపు వాన. గీ బల్ల దీసెయ్యి, బస్తాలేసుకుంట."

"ఒక్క ఏడు ఆగు మామా. వచ్చే పసుపు తవ్వకం దాక. గప్పటికి నా వానల ఒక్క అబద్ధం జూపిస్తె బల్ల నువ్వే దీస్కపో."

"దీస్కపోయి పసుపు ఉడకవెట్టే కడాయి కింద పెడ్త. టేకు మస్తు మండుతది. అబద్ధం దొరకకపోతె నా బస్తాలు వరండాల వేసుకుంట, సరేనా."

పక్కనే నిలబడిన గంగమణి, దేవిదాస్ భార్య, లింగన్న కూతురు, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకైతె గది గావాలె" అంది. "ఎవరు గెలిచినా నాకొక్కటే."

దేవిదాస్ సైకిలెక్కాడు. మాక్లూర్, నందిపేట్, గంగ ఒడ్డు ఊళ్లు, వాగుల పొడుగునా పైపైకి. ఎవరినైనా అడిగేది ఒకటే, మీ ఊళ్లో మరచిపోలేని వాన ఏది అని. మనుషులకు సంవత్సరాలు గుర్తుండవు. పెళ్లి పందిరి కూలిన వాన, కల్లంలో ఆరబోసిన పసుపు నానిన వాన, బర్రె కొట్టుకుపోయిన వాన, ఇలా గుర్తుంటాయి. బీడీలు చుట్టే భీమవ్వ అయితే, "ఎండు ఆకు తడపకముందే మెత్తవడ్డదంటె, సూడకుండనే చెప్తం బిడ్డా, ఏడనో మబ్బు లేసిందని" అంది.

మొదట్లో అతనికి తల తిరిగింది. ఒకే రోజు గురించి ఒకరు వాన అంటారు, ఇంకొకరు ఎండ అంటారు. అబద్ధాలనుకున్నాడు. తరువాత అర్థమైంది, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ ఒకే చోట లేరు. ఎప్పుడు కురిసిందని అడగటం మాని ఎక్కడ కురిసిందని అడగటం మొదలుపెట్టాడు. నేను చదివిన పెద్ద పెద్ద యుద్ధ గ్రంథాల్లో ఈ ప్రశ్న వేసుకున్నవి తక్కువ.

లింగన్నకూ ఒక వాన కథ ఉండేది. కొత్తవాడెవడు దొరికినా చెప్పేవాడు, నాకూ చెప్పాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు, ఎండ కణకణమంటుండగా, ఒక్క చినుకు లేకుండా, మక్కజొన్న బస్తాల బండితో వాగు దాటుతున్నాడు. నడి వాగులో ఉండగా నీళ్లు గోడలా వచ్చాయి. పగ్గాలు కోసి ఎడ్లను దక్కించుకున్నాడు, బండి పోయింది. "ఏడ గురిసిందో ఇయ్యాల్టికీ తెల్వది" అని ముగించేవాడు. ఇంట్లోవాళ్లు ఆ కథ మొదలవగానే పనుల మీద లేచిపోయేవారు. ఒక్క దేవిదాస్ మాత్రం కూర్చొని, అది ఏ కార్తె, ఏ పూట అని అడిగి మళ్లీ చెప్పించుకున్నాడు.

కుండ పోయి చింతగింజలు వచ్చాయి. ఒక వైపు బండ మీద అరగదీసి తెల్లగా చేసినవి. గుప్పిట్లో అన్నీ ఒకటే, వేళ్లకు అందేది ఏమీ లేదు. కార్తెను బట్టి ఎన్ని తెల్లగా పడితే వానో నిర్ణయం. గుట్టలకు వేరే, మైదానానికి వేరే వెయ్యాలి. వేసేది గంగమణి. బల్ల పోతే సంతోషించే మనిషి కనుక, ఆమె చేతిని ఎవరూ అనుమానించలేదు. ఆటలో పూటకు ఒక ఎత్తు, అంటే ఇద్దరూ చెరోసారి సైన్యాన్ని కదపడం. నల్లరేగడి తడిస్తే మూడు ఎత్తుల దాకా బండి కదలదు, ఎర్ర చెలక ఒక్క ఎత్తుకే ఆరుతుంది. గుట్టల మీద వాన పడితే ఆ నీళ్లు ఒక పూట ఆలస్యంగా వాగులోకి దిగుతాయి. మొదటి ఆదివారమే ఇవన్నీ అందరికీ చదివి వినిపించాడు.

ఆదివారం ఆదివారం లింగన్న నందిపేట్ నుంచి వచ్చేవాడు, తప్పు పట్టడానికి.

"వాన వడ్డ తెల్లారి గుర్రాలు రేగడిల ఎట్ల ఉరికినయి?"

"అది రేగడి గాదు మామా, చెలక. రంగు జూడు."

"పొగమంచుల ఫిరంగి గురి ఎట్ల దొరికింది?"

"దొరకలె. గందుకే కిషన్ గుండ్లన్నీ ఉత్తగ వోయినయి."

"నాకు జెప్పకు, నాకు ఇంకా మండుతున్నది" అన్నాడు గంగాకిషన్.

పక్కన నిలబడి చూస్తే దొరకడం లేదని లింగన్నకు తోచింది. పసుపు తవ్వకం దగ్గరపడింది. "నేనే ఆడ్త. లోపటికి దిగితె గని దొంగతనం దొరకది" అన్నాడు. వాగోళ్ల సైన్యం తనది. కార్తె కూడా తనే కోరుకున్నాడు, చిత్త, వానలు పలచబడే కాలం. పందెం సంగతి బజారంతా తెలుసు. ఆ ఆదివారం గది కిటికీల్లో కూడా తలకాయలే.

లింగన్న మంచి సేనాపతి, ఆ మాట చెప్పాలి. పొద్దటి ఎత్తుకే, దేవిదాస్ వైపున్న గుట్టోళ్లను వాగు అవతలి వాళ్ల కోటలోకి తరిమాడు. గంగమణి గింజలు వేసింది. గుట్టల మీద వాన, మైదానంలో ఎండ.

"కురవనీ" అన్నాడు లింగన్న. "గుట్టోళ్లు తడుస్తరు. నాకేంది."

మధ్యాహ్నపు ఎత్తు. గింజలు రెండుచోట్లా ఎండ అన్నాయి. వాగులో ఇసుక తేలి ఉంది. అది దాటితే కోట తలుపు. లింగన్న తన ఫిరంగి బండ్లన్నీ వరుసగా వాగులోకి దింపి, అల్లుడి వైపు చూసి మీసం దువ్వాడు.

దేవిదాస్ బల్ల కిందినుంచి నీలం గుడ్డ ఒకటి తీశాడు. గుట్టల అంచు నుంచి మొదలుపెట్టి, వాగు పొడుగునా, ఫిరంగుల మీదుగా పరిచాడు.

"వాగొచ్చింది మామా."

లింగన్న గుడ్డను చూశాడు, గింజలను చూశాడు, తరువాత నెమ్మదిగా నవ్వాడు. "దొరికింది" అన్నాడు. "ఎండ గొడ్తున్నది. చినుకు లేదు. వాగెట్ల వస్తది? అందరు జూసిండ్రు గద. బల్ల లేవట్టుండ్రి."

ఇద్దరు బల్ల కాళ్ల దాకా వంగారు కూడా. వాళ్లను ఆపింది గంగమణి.

"బాపూ, నీ బండి వోయిన్నాడు ఎండనా, వాననా?"

పొలంలో పుట్టి పెరిగి తెలిసిన సంగతిని లింగన్న బల్ల దగ్గర అబద్ధం వెతికే తొందరలో మరిచిపోయాడు.

"ఎండ కణకణమన్నది అంటివి" అంది ఆమె. "నేను పుట్టినప్పటి సంది ఇంటున్న. ఒక్క చినుకు లేదంటివి. గిప్పుడేమో గట్ల రాదంటున్నవ్."

అప్పుడు దేవిదాస్ గుట్టల మీద వేలు పెట్టాడు. "మామా, నీ వాగు ఎగువకు వోయిన. ఆడ నడిపయ్య అని ముసలాయన ఉన్నడు. గా ఏడు చిత్తల వాళ్ల కల్లం కొట్టుకవోయిందట, పొద్దుగాల. నీ బండి వోయింది గదే దినం పగటీలి, పొద్దు నెత్తిమీదికొచ్చినంక. గా వాన గీడ గురిసింది."

లింగన్న ఆ గుట్టను చూశాడు. ఇంతకాలం తన కథకు లేని చివర అక్కడ, ఒక నల్లరాయి మీద, అల్లుడి వేలి కింద ఉంది. ఆయన బల్ల మీదికి వంగి, గుడ్డ కింద చెయ్యి పెట్టి, తన ఫిరంగి బండి ఒకటి బయటికి తీశాడు. ఓటమి ఒప్పుకోడేమోనని గంగాకిషన్ ముందుకు జరిగాడు.

"తప్పు" అన్నాడు లింగన్న. "బండి గాడ ఆగది. గంత నీళ్లకు ఇంకా కిందికి వోతది."

బండిని వాగు వెంబడి మైదానం దాటించి, బల్ల చివరిదాకా జరిపాడు. సరిపోలేదు. బల్ల మీదినుంచి దాన్ని తీసి, గుమ్మం దాటి, వరండా గోడ వారన పెట్టి వచ్చాడు. తరువాత రెండోది. తరువాత మూడోది. తన సైన్యాన్ని తనే, ఒక్కొక్కటిగా, సరైన దూరానికి ముంచుకుంటూ పోయాడు. ఎవరూ సాయం పట్టలేదు. నేను చూసిన విజయాలలో, ఓడినవాడు గెలిచినవాడికంటే శ్రద్ధగా జరిపించింది అదొక్కటే.

చివరి బండి పెట్టి వచ్చి, చేతులు దులుపుకున్నాడు. గంగమణి నవ్వు ఆపుకుంటూ అడిగింది. "బాపూ, బస్తాలు ఏడ ఎయ్యమంటవ్?"

"వరండాల" అన్నాడు లింగన్న. "జర గా బండ్లను తప్పిచ్చి ఎయ్యుండ్రి. ఎల్లుండి పొద్దున వాగు దిగినంక తీస్కపోవాలె."