పాత చట్టం, కొత్త పందిరి

రోడ్ల ఇన్స్‌పెక్టరు నుదుటి ముడత నిద్రలోనూ విడదని ఆయన భార్య అంటుంది. పాత రోడ్ల చట్టం రద్దయిన నాటినుంచి, వీధిలోకి మెట్లు దింపిన ప్రతివాడూ దాని కింది నిబంధనలు కూడా పోయాయనే వాదిస్తున్నాడు. కొత్తవి చేసేదాకా పాతవే చెల్లుతాయని కొత్త చట్టమే చెబుతోందని చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది. నిన్న, కుట్టుపని చేసే సొంత చెల్లెలే దుకాణం ముందు రోడ్డు మీదికి రేకుల పందిరి వేయించింది. అది లేకపోతే ఆ ఎండలో కొలతలివ్వడానికి ఎవరూ నిలబడరు.

"చట్టమే పోయింది కదన్నయ్యా, ఇంకా నిబంధనేంటి?"

"మీ అత్తగారు పోయారు. ఆవిడ పెట్టిన పద్ధతులు పోయాయా మీ ఇంట్లో?"

"మా ఆయన పోనిస్తేగా," అని ఆమె నిట్టూర్చింది. "అయితే నువ్వే విప్పుకో. నేను మాత్రం కూలీని పెట్టను."

ఆయన విసుక్కుంటూ చొక్కా చేతులు మడుచుకుని నిచ్చెనెక్కాడు. ఆమె తిడుతూనే నిచ్చెన పట్టుకుంది.