బ్రేకుకు పెట్టిన బొట్టు

సైకిలు కొనడంలో కూడా కొంప ముంచుకోవచ్చని మీకు తెలియకపోతే కాస్త ఇలా కూర్చోండి. నేను ముంచుకున్నాను. అదీ డిగ్రీ కాలేజీలో పిల్లలకు తర్కశాస్త్రం చెప్పే నోటితోనే!

ఐదేళ్ల కిందటి మాట. నలభై మూడేళ్ల వయసులో నాకు గుట్టల్లో సైకిలు తొక్కే పిచ్చి పట్టింది. మామూలు సైకిలు కాదు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ స్ప్రింగులుండి రాళ్ల మీద కూడా ఉయ్యాల ఊగినట్టు పోయే రకం. కరీంనగర్‌లో మాకు తెలిసిన షాపు సేటు దగ్గర నా ఎత్తుకు సరిపోయేవి రెండే ఉన్నాయి. నల్లది తేలిక, ఎక్కుడులో మేకపిల్లలా పోతుంది. పచ్చది బరువు. దిగేటప్పుడు ఎంత రాయినైనా మింగేస్తుంది కానీ, ఎక్కేటప్పుడు దున్నపోతును భుజాన మోసినట్టే.

మా ఆడబిడ్డ స్వరూప చొప్పదండి నుంచి ఫోన్ చేసింది. తనదీ నా ఎత్తే, తనకూ అదే పిచ్చి. "ముందు నువ్వు ఏరుకో వదినా. నువ్వు వద్దన్నది నేను తీస్కుంట" అంది. ఆ మంచితనం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆదివారం సేటు రెండింటినీ వ్యానులో వేసుకుని ఆదిలాబాద్ దారిలో ఒక గుట్టకు తెస్తానన్నాడు. స్వరూప కూడా అక్కడికే వస్తానంది. ఒకే బాటలో రెండూ తొక్కి తేల్చుకోవాలి. నేనైతే శుక్రవారమే తేల్చేశాను, నల్లది నాది. పరీక్ష పెట్టకముందే మార్కులు వేసే పంతులమ్మను కదా!

బయలుదేరుతుంటే మా అత్తమ్మ ఒక సంచీ చేతిలో పెట్టింది. "కొత్త బండిని బొట్టు లేకుండ తోలుతరా బిడ్డా? వేములవాడ గుడి దాక పోకున్నా సరే, జర పసుపు కుంకుమ పెట్టి దీపం ముట్టియ్యి."

అన్నింటికీ వాదించే నేను ఆ ఒక్క రోజు వాదించలేదు. చూశారా, బుద్ధిగా ఉంటే ఏమవుతుందో!

గుట్ట కింద సేటు వ్యాను నిలపడానికి నీడ వెతుక్కుంటుంటే నేను నల్లదానికి బొట్లు మొదలుపెట్టాను. పొడి కుంకుమ నిలవడం లేదు. దీపానికని ఇచ్చిన నువ్వుల నూనెలో కలిపాను. చక్రాల నడుమ తళతళలాడే గుండ్రటి రేకులు కనబడ్డాయి, అచ్చం హారతి పళ్లేల్లా. రెండింటికీ నిండుగా పూశాను. పచ్చదానికి చుక్క కూడా పెట్టలేదు. అది ఎవరిదో కాబోయేది, వాళ్ల బొట్టు వాళ్లే పెట్టుకుంటారు.

నల్లదాన్ని ఎక్కి గుట్ట పైనుంచి దిగుతూ బ్రేకు నొక్కాను. వెనక బెంచీ పిల్లాడిలా అది విన్నట్టే విని తన దారిన తాను పోయింది. చివరికి నన్ను ఆపింది బ్రేకు కాదు, రేగుకంప.

"సేటూ! గిదేం బండి? ఆగుతనే లేదు!"

"జర నన్ను చూడనీయుండ్రి మేడం..."

"నువ్వేం చూస్తవ్? పడ్డది నేను, చూసింది నేను!"

"అది గాదు మేడం, రేకు మీద ఏదో..."

"ఏదో ఉండుడు గాదు, బ్రేకే లేదు!"

"ఒక్క మాట మేడం..."

"నీ ఒక్క మాట నమ్మే గదా ఈ కంపల పడ్డ!"

"సేటును చెప్పనీ వదినా" అంది స్వరూప.

"నువ్వు సప్పుడు చెయ్యకు!"

తర్వాత పచ్చదాన్ని ఎక్కి దిగాను. నొక్కిన చోటల్లా బుద్ధిగా ఆగింది. ఆడలేక మద్దెల ఓడంటారు కదా, నేను మద్దెలకు నూనె పూసి మరీ ఓడన్నాను. "పచ్చది నాది. నల్లది ఎవరు కొన్నా వాళ్ల ఖర్మ!" అని గుట్ట దద్దరిల్లేలా తీర్పిచ్చాను.

"నా ఖర్మ నాకియ్యి వదినా" అంది స్వరూప మెల్లగా.

పై ఆదివారం మళ్లీ అదే గుట్ట, సేటుతో సహా అదే ముగ్గురం. పచ్చది ఇప్పుడు నాదే కదా, దానికీ నిండుగా నూనె బొట్టు పెట్టాను. అదే దిగుడు. ఈసారి బాట దాటి పత్తి చేలో తేలాను. పడ్డందుకు కాదు కానీ, నల్లదాని మీద వచ్చి నా పక్కనే టక్కున ఆగిన ఆడబిడ్డ నవ్వినందుకు ఏడుపొచ్చింది.

సేటు వచ్చి, రేకు మీద వేలు రాసి, వాసన చూశాడు.

"మేడం, బండికి బొట్టు పెట్టిండ్రా, తాలింపు పెట్టిండ్రా? బ్రేకు పట్టుకునేదే గీ రేకును. నూనె పూస్తే ఎట్ల ఆగుతది? నల్లదానికి గూడ గిదే నూనె. తుడిచి, లోపలి ప్యాడ్లు మార్చి స్వరూప మేడంకు ఇచ్చిన."

"మరి అప్పుడే నాకు చెప్పొద్దా?"

"మూడుసార్లు నోరు తెరిసిన మేడం. మూడుసార్లు మీరే మూయించిండ్రు."

పత్తి దులుపుకుని, ఉన్న పరువంతా కూడగట్టుకుని స్వరూప వైపు తిరిగాను. "మార్చుకుందామా?"

"అయ్యో వదినా, దానికి నేను గూడ బొట్టు పెట్టుకున్న. హ్యాండిల్ మీద."

అప్పటినుంచి దున్నపోతును గుట్ట ఎక్కిస్తూనే ఉన్నాను. నా నల్ల మేకపిల్ల ప్రతి ఆదివారం నాకు దుమ్ము కొట్టి ముందుకు పోతూనే ఉంది.

అయితే ఆ రోజే పత్తి చేను నడుమ నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, అందరి ముందూ ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ చక్రానికీ నూనె బొట్టు పెట్టను. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా నోరు విప్పను.

"అట్లయితే మేడం..." అని మొదలుపెట్టాడు సేటు.

"అట్లయితే ఏంది? నా మాట మీద నమ్మకం లేదా నీకు?" అన్నాను.