ఏటి సప్పుడు విన్న మైకు సార్

మైకు సార్ పోయారన్న కబురు పొద్దున పదిన్నరకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ సమయానికి నేను ఒక ఉద్యోగ ప్రకటన టైపు చేస్తున్నాను. ‘సోషల్ మీడియా విభాగంలో ఒక ఖాళీ. కావలసిన అర్హతలు: వీడియో ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, తెలుగు, ఇంగ్లీషు టైపింగ్.’ పోయిన వానాకాలం నుంచి ఖాళీగా ఉన్న ఆ కుర్చీ ఆయనదే. అయిదు నిమిషాలకు మా ఆఫీసరు ఫోన్ చేసి, “నివాళి పోస్టర్ ఒకటి చేసి పెట్టమ్మా, ఫోటో పంపిస్తా” అన్నారు. నల్ల అంచు పోస్టర్ నా దగ్గర ఎప్పుడూ తయారుగానే ఉంటుంది. పేరు, ఫోటో మారిస్తే చాలు. ఆ ఫైలు తెరవలేకపోయాను.

చిత్తూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం నాది. ప్రభుత్వ కబుర్లను ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో జనానికి చేర్చడం మా పని. సార్ అంతకు ముందు జీపుకు మైకు కట్టుకుని ఊరూరా తిరిగి పోలియో చుక్కలనీ, తుపాననీ చాటిన మనిషి. రిటైరయ్యాక ఆయన్నీ కాంట్రాక్టు మీదే మా గదిలో కూర్చోబెట్టారు. ఒంటి వేలితో టైపు చేసేవారు. ఈ ముసలాయన ఇక్కడ ఏం చేస్తాడని మొదట్లో నవ్వుకున్నాను.

నేను చేరిన వారమే వర్షాల మీద మంచి పోస్టర్ చేశాను. పచ్చటి కొండలు, కొబ్బరి తోటలు. సార్ కళ్ళజోడు పైకెత్తి చూశారు.

“ఇది యా ఊరు పాపా?”

“నెట్‌లో తీసుకున్నాను సార్. యా ఊరో తెలీదు.”

“అయితే ఆ ఊరోళ్ళకే పంపించు. వాన మనకు కదా పడతా ఉండేది.”

ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఊరి పేరు, దాని కింద ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు. టీ అంగడాయన, రేషను డీలరు, ఆఖరి బస్సు కండక్టరు, పూలమ్మే ఆమె. ఏ కబురైనా సరే, దాన్ని కళ్ళారా చూడగలిగిన మనిషికి ఫోన్ చేసి, రాసింది చదివి వినిపించి, అవునంటేనే పోస్టు చెయ్యాలి. సరిహద్దు ఊళ్ళవాళ్ళకు అరవంలో చెప్పేవారు. ఏరు పొంగిందంటే మాత్రం అడగడంతో ఆగేవారు కాదు. “ఫోను కొంచిం ఏటి పక్కకు పట్టప్పా, సప్పుడు విననీ” అనేవారు. కళ్ళు మూసుకుని వినేవారు. “మోకాలు దాటింది. బండ్లు పోకూడదని రాయి పాపా.” తర్వాత కనుక్కుంటే అది నిజమయ్యేది.

ఎవరైనా కామెంట్‌లో కష్టం చెప్పుకుంటే, ‘తగు చర్యల నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది’ అని పెట్టేవాళ్ళం. ఆ వాక్యం చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. “అది జవాబు కాదు, మొగం మీద తలుపెయ్యడం” అని తనే ఆ మనిషి నంబరు అడిగి మాట్లాడేవారు. ఒకసారి అన్నారు: “ఈ పనికి నలుగురు కావాల పాపా. రాసేవాడు, బొమ్మ చేసేవాడు, జవాబు చెప్పేవాడు, ఆపేవాడు. మొదటి ముగ్గురికీ నోటిఫికేషన్ ఇస్తారు. నాలుగోవాడు ఉండాడా లేడా అని ఎవురూ అడగరు.”

ఇక నేను చెప్పవలసింది చెప్పాలి.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం సార్ భార్యను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పోతూ పోతూ, “ఏటి మింద దోవ సంగతి వస్తే టీ అంగడాయనకు ఫోన్ చేసి పెట్టు” అన్నారు. రెండింటికి పై ఆఫీసు నుంచి మెసేజి వచ్చింది: ఏటికి అడ్డంగా వేసిన కాజ్‌వే మీద రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయని. పొద్దున ఎప్పుడో రాసినది, మాకు అప్పుడు చేరింది. నేను ఒక వీడియో హడావిడిలో ఉన్నాను. ఫోన్ చెయ్యలేదు. మెసేజిని పోస్టు చేసేశాను.

అప్పటికే ఏరు మళ్ళీ పొంగింది. ఆ పోస్టు చూసి పాలు పోసే ఒకాయన క్యాన్లు కట్టిన మోటారుసైకిలు మీద ఏట్లోకి దిగాడు. నీళ్ళు బండిని తోసేశాయి. ముళ్ళకంప పట్టుకుని బతికాడు. కుడికాలు మాత్రం మళ్ళీ సరిగ్గా నిలబడలేదు.

మా గదిలో అందరికీ ఒకటే పాస్‌వర్డ్. ఎవరు పెట్టారని ఆఫీసరు అడిగారు. నగరిలో మా నాయన మరమగ్గాలు ఆగిపోయి ఏడాది అయింది, ఇంట్లో నా జీతం ఒక్కటే. ఆ మాట సార్‌కు తెలుసు. “ఆసుపత్రిలో ఉండి నా ఫోన్లోంచి పెట్టినాను సార్. కనుక్కోకుండా పెట్టినాను. తప్పే” అన్నారు. అందరి ముందరా అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. మరుసటి వారం ఆయన్ని పంపేశారు.

తర్వాత రెండుసార్లు చంద్రగిరిలో వాళ్ళింటికి వెళ్ళాను, చెప్పేద్దామనే. రెండుసార్లూ కాఫీ తాగి వచ్చేశాను. ఆయన ఆ సంగతే ఎత్తలేదు. “ఫోన్లు చేస్తుండావా?” అని మాత్రం అడిగారు. చేస్తున్నాను సార్ అన్నాను. ఆ ఒక్క మాట నిజం.

అంత్యక్రియల నాడు వాకిట్లో ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయన అంటున్నాడు: “బంగారట్లాంటి మనిషి. కడాకు ఆ ఏటికాడ కనుక్కోకుండా రాసి పేరు పోగొట్టుకున్న్యాడు.” జీవితమంతా కనుక్కుని చెప్పిన మనిషి గురించి ఆ మాట. నేను గోడ పక్కనే ఉన్నాను. సార్ భార్య కూడా విన్నది. కొంతసేపటికి నన్ను లోపలికి పిలిచి మెల్లగా అడిగింది.

“ఆ పొద్దు ఆసుపత్రిలో కూసోని నీకే రెండుసార్లు ఫోన్ చేసినాడు పాపా. నువ్వు ఎత్తలేదంటనే?”

ఎత్తలేదు. వీడియోకు అడ్డమని ఫోన్ మూగచేసి పెట్టుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కింద నేను కుమిలిపోయాను.

మర్నాడు ఆఫీసరుకు జరిగినదంతా రాసి ఇచ్చాను. ఈ నివాళి అచ్చయ్యేసరికి నా కుర్చీ కూడా ఆ ప్రకటనలో చేరవచ్చు. మా నాయనకు చెప్పాను. భయంగానే ఉంది. అయినా ఆ పెద్దాయనకూ, అలా అనుకుంటున్న మిగతా అందరికీ తెలియాలి. ఆ పోస్టు పెట్టింది నేను. సార్ కాదు.

సార్ పద్ధతి ప్రకారం, చదివి వినిపించకుండా ఇది బయటికి పంపకూడదు. ఆయన వదిలివెళ్ళిన నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరే ఉంది. పాలాయనకు ఫోన్ చేసి ఇంతవరకు రాసింది మొత్తం చదివాను. అయిపోయాక ఆయన అన్నాడు:

“ఆ సారు ఆసుపత్రికి వచ్చినాడు పాపా. నా మంచం కాడ నిలబడి తప్పు నాదేనన్న్యాడు. ముసిలోడివి, నీకెందుకయ్యా ఈ ఉద్దోగమని నోటికొచ్చినట్టు తిట్టినాను. తల దించుకోని అంతా విన్న్యాడు. ఇప్పుడు నేను యాడికి పోయి చెప్పుకునేది?”

“నన్ను తిట్టండన్నా” అన్నాను. ఆయన తిట్టలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. వాళ్ళిల్లు ఏటి గట్టునే. పైన ఎక్కడో వాన పడినట్టుంది, మా ఇద్దరి మాటలూ ఆగిపోయాక నీళ్ళ సప్పుడు వినబడింది. కళ్ళు మూసుకుని విన్నాను. సార్ అయితే లోతు చెప్పేవారు. నాకు తెలియలేదు.

“అన్నా, నీళ్ళు ఎంతమట్టుకు ఉండాయి?” అని అడిగాను.