రెండు యాంప్లిఫయర్లకూ అందని తాళాలు

2003 వేసవి. ఒంగోలులో నా ఆడియో రిపేరు షాపుకి చీమకుర్తి నుంచి జాన్‌బాబు వచ్చాడు. గ్రానైట్ క్వారీలో పదిహేనేళ్లుగా రాయికి డ్రిల్లు కొట్టే మనిషి. చర్చి పాటలు క్యాసెట్‌లోకి రికార్డు చేయించి, ఇంట్లో పెద్ద స్పీకర్లలో వింటాడు.

"మస్తాన్ గారూ, మా ఆవిడ మరియమ్మ వాయించిన తాళాలు రావట్లేదండీ. ఇదే క్యాసెట్లో ఇదివరకు ఖణేల్‌మని వినపడేయి."

టేప్ హెడ్ తుడిచాను. సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్ మార్చాను. షాపులో నాకు తాళాలు బాగానే వినపడ్డాయి; రెండు వారాలకు, ఇంట్లో మాత్రం రావట్లేదంటూ మళ్లీ వచ్చాడు. ఇక నాకు పట్టుదల పెరిగింది. అసలు సంగతి చెప్పాలంటే, బై-యాంపింగ్ చేసి చూడాలని ఎన్నాళ్లుగానో నా చేతులు దురదపెడుతున్నాయి. మామూలుగా ఒకే యాంప్లిఫయర్ మొత్తం స్పీకర్ బాక్సును నడుపుతుంది. బాక్సు వెనకాల రెండు జతల టెర్మినల్స్‌ను కలిపే రేకు ముక్కలు తీసేస్తే, లావు శబ్దాల ఊఫర్‌కి ఒకటి, ట్వీటర్‌కి ఒకటి, రెండు యాంప్లిఫయర్లు పెట్టొచ్చు. సన్నటి శబ్దాన్ని విడిగా ఎంతైనా పెంచుకోవచ్చు.

రెండో యాంప్లిఫయర్ సంపాదించి వాళ్లింటికి వెళ్లేసరికి, ఆయన మొదట వచ్చి రెండు నెలలు దాటింది. వైర్లు కలిపి పాట పెట్టాను.

"ఇంకాస్త పెంచండి."

పెంచాను. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వరండాలోకి వెళ్లాను, వచ్చాను, బిగించిన వైర్లే మళ్లీ బిగించాను. నా చెవులు గింగురుమంటున్నాయి.

"ఏదో బుస్సుమంటందిగానీ తాళాలు కాదండీ."

వంటింట్లోంచి మరియమ్మ చెవులకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏందయ్యా ఈ రొద! తాళాలు తప్ప ఇంకేం వినపడట్లా!"

నా చెయ్యి నాబ్ మీదే ఆగిపోయింది. రెండు యాంప్లిఫయర్లూ కట్టేశాను. తాళాలు తెమ్మని ఆమెకు సైగ చేశాను. ఆమె ఆయన కుర్చీ వెనక నిలబడి మెల్లగా వాయించింది.

జాన్‌బాబు బాక్సు వైపే చూస్తున్నాడు. "ఆపారేందండీ? వెయ్యండి, విందాం."

మరియమ్మ చేతులు ఆగిపోయాయి. నా ముఖం చూసి ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె చేతుల్లో తాళాలు చూశాడు.

"ఎప్పట్నుంచి వాయిస్తున్నావ్?" అన్నాడు.

ఆమె ఏడ్చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

డ్రిల్లు మోతకి ముందు సన్నటి శబ్దాలే వినపడకుండా పోతాయి, పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నదైనా కాపాడుకోమన్నాడు ఒంగోలు డాక్టరు. జాన్‌బాబు డ్రిల్లు వదిలి లారీల లెక్క రాసే పనికి మారాడు. చర్చిలో మాత్రం మరియమ్మ చేతులు కనపడేచోట కూర్చుంటున్నాడట.

ఇప్పుడు ఎవరు సౌండ్ రావట్లేదన్నా, స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే ఇంట్లో ఇంకొకరిని పిలిచి "మీకు వినపడుతోందా?" అని అడుగుతాను. ఆ ఒక్క మాట మొదటిరోజే మరియమ్మను పిలిపించి అడిగి ఉంటే, జాన్‌బాబు ఆ డ్రిల్లు దగ్గర ఇంకో రెండు నెలలు నిలబడేవాడు కాదు.