మామను మొదటి స్థానంలో నిలబెట్టిన కోడ్

తెలంగాణ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నా దగ్గర ఇంజనీరింగ్ పట్టా ఉండేది, ఉద్యోగం ఉండేది కాదు. అలాంటివాణ్ని బంధువులు మిక్సీ నుంచి బోరు మోటారు దాకా అన్నిటికీ పిలుస్తారు. నేను చదివింది కంప్యూటర్లని చెప్పినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, మా మేనమామ తప్ప.

మహబూబ్‌నగర్‌లో మామకు టెంటు హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిస్తాడు. పక్క గల్లీలో ఆయన చిన్ననాటి దోస్తుదీ అదే వ్యాపారం. ముహూర్తాలు ఎక్కువైన రోజుల్లో ఒకరికి కుర్చీలు చాలకపోతే ఇంకొకరు పంపడం వాళ్ల మధ్య నోటిమాట మీద నడిచే పద్ధతి. మామ దుకాణంలో కంప్యూటర్ పెట్టించాక అది చెడింది. పొద్దున దీపం పెట్టగానే 'పాలమూరులో మంచి టెంటు హౌస్' అని వెతికేవాడు. దోస్తు పేరు పైన వచ్చేది. మామది పేజీ అడుగున, ఎవరో అమ్ముతున్న పాత జీపు కింద. (జీపు ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.) ఇద్దరికీ మాటలు బంద్ అయ్యాయి.

మాఘంలో మామ పెద్ద పెళ్లి ఒకటి ఒప్పుకున్నాడు. సగం కుర్చీలు అప్పటికే ఇంకో పెళ్లికి జడ్చర్ల పోయి ఉన్నాయి. దోస్తును అడగాలి. అడగడు. "కిందున్నోడు వొయ్యి మీదున్నోన్ని అడుక్కోవాల్నా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది: "మీ మామ బువ్వ ముడుతలేడు బిడ్డా. బీపీ గోలి ఖాళీ కడుపుల ఏసుకుంటుండు. గా డబ్బాల నువ్వేమన్న చెయ్యరాదు?"

నా చదువు ఒక మనిషికి అక్కరకొచ్చిన మొదటి సందర్భం అది. ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లో చిన్న కోడ్ రాసిపెట్టాను. ఫలితాల పేజీ తెరుచుకోగానే మామ దుకాణం పేరును అన్నిటికంటే పైన అతికించడం, దోస్తుది అడుగుకు దించడం, అంతే దాని పని. లోకంలో ఏమీ మారదు, ఆ ఒక్క తెర మీద తప్ప. అయితే ఏం వెతికినప్పుడు ఇలా చేయాలో రాయడం మరిచాను. అందువల్ల అత్త కుక్కర్‌లో కేకు గురించి వెతికినా, నేను ఉద్యోగాల కోసం వెతికినా ముందు మామ షామియానాలే వచ్చేవి. మామకు ఇందులో వింతేమీ కనిపించలేదు. "కేకుకు గూడ మనమే ఫస్టు" అని మారు అన్నం పెట్టించుకున్నాడు.

పైకొచ్చాడు గనుక మనసు కూడా విశాలమైంది. మర్నాడు తానే దోస్తును చాయ్‌కి పిలిచి తెర చూపించాడు. "ఫికర్ జెయ్యకురా, కిందున్నా నువ్వు నా దోస్తువే. జర కుర్చీలు పంపియ్యి." దోస్తు తెర చూశాడు. తన ఫోన్ తీసి ఏదో నొక్కాడు. తర్వాత నన్ను చూశాడు. నేను చాయ్ గ్లాసులోకి చూశాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "నిజమేరా, మస్తు మీదికొచ్చినవ్" అన్నాడు.

బయట స్కూటర్ దాకా సాగనంపితే నా భుజం మీద చెయ్యేశాడు. "నా ఫోన్ల నేనే ముందున్న గదా అల్లుడా. గా ముచ్చట మీ మామకు చెప్పకు. కుర్చీలు పొద్దుగూకేవరకు వస్తయి." మొహమాటానికి, మీ దుకాణంలోనూ ఆ కోడ్ పెట్టమంటారా అని అడిగాను. "నాకెందుకు, నాకు బీపీ లేదు" అని కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు హైదరాబాదులో నా ఉద్యోగం కూడా అదే. జనం ఏది వెతికితే ఏది ముందు చూపాలో కోడ్ రాస్తాను, ఎవరు చూస్తారో తెలియకుండానే. మొన్న పాత పెన్‌డ్రైవ్‌లో ఆనాటి కోడ్ దొరికింది. ప్రతి వరుసలోనూ ఏదో ఒక తప్పు. దిద్దబోయి ఆగిపోయాను. దాన్ని రాసిన కుర్రాడు ఇవాళ ఇంటర్వ్యూకి వస్తే ఉద్యోగం ఇవ్వను గానీ, కూర్చోబెట్టి ఒక చాయ్ మాత్రం పోయిస్తాను.