ఒంటె కావాలన్నాను

సీతాఫల్‌మండిలో మా పక్కింటి చాచా వడ్రంగి. క్రిస్మస్‌కు మా ఇంట్లో పెట్టే పశువుల పాకను ఏటా ఆయనే బాగుచేసి ఇచ్చేవాడు. ఆవు, గాడిద, గొర్రెలు ఆయన చెక్కినవే. బాలయేసు, మరియమ్మ, దూరదేశం నుంచి ఆ బిడ్డను చూడవచ్చిన ముగ్గురు రాజులు మాత్రం చర్చి దగ్గర కొన్న మట్టిబొమ్మలు. "మనిషి మొకం నేను చెయ్య బిడ్డా, అది పైవాడి పని" అనేవాడు.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు నాకు తొమ్మిదేళ్లు. రాజులకు ఒంటె కావాలని పట్టుబట్టాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. చాచా నవ్వి, "నాందేడు దిక్కు మా చెల్లె ఇంటికి పోతున్న. వచ్చేటప్పుడు నిర్మల్ల ఆగి బొమ్మలు చేసే పొనికి కట్టె తెస్త, ఒంటె చేస్త" అన్నాడు.

వారం తిరగకముందే, సెప్టెంబరులో, భారత పటాలాలు వచ్చాయి. మోండా మార్కెట్ మళ్లీ తెరిచారు, కూరగాయలు ఎప్పటిలాగే వచ్చాయి. నాందేడు దిక్కు ఊళ్లలో ముస్లింలను చంపారని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. చాచా రాలేదు.

మా ఇంట్లో రాజులను మొదటిరోజే పాకలో పెట్టరు. క్రిస్మస్ నాడు గడప దగ్గర నిలబెట్టి, రోజుకింత ముందుకు జరుపుతూ జనవరిలో వాళ్ల పండుగ నాటికి పాక చేరుస్తారు. ఆ పని నాది. వాళ్లు చేరితే క్రిస్మస్ ముగిసినట్టే, పాక అటకెక్కుతుంది. పండుగే అయిపోతే చాచా ఒంటె తేవడానికి ఇంకెందుకొస్తాడు? అందుకే పొద్దున జరిపిన రాజులను సాయంత్రం మళ్లీ గడప దగ్గరికి తెచ్చేదాన్ని. ప్రతిదానికీ కసిరే మా అమ్మ అది చూసి కూడా, రాజుల పండుగ దాటినా పాక తీయలేదు.

ఒక మధ్యాహ్నం చాచీ వచ్చింది. "వీళ్లేంది, ఇంక ఈడనే ఉన్నరు?" అంది. చెప్పాను. ఒంటె అడిగింది నేనేనని, ఆ కట్టె కోసం ఆగకపోతే ముందే తిరిగొచ్చేవాడని కూడా చెప్పేశాను.

"నీ కోసం పోలే బిడ్డా, చెల్లె కోసం పోయిండు" అంది. నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను.

నాలుగు నెలలుగా ఎవరడిగినా "వస్తడు" అనే చెప్పిన మనిషి ఆమె. వంగి ముగ్గురు రాజులనూ కొంగులో వేసుకుని, పాక దగ్గర కూర్చుని ఒక్కొక్కరినే ఆవు పక్కన నిలబెట్టింది. "చాచాను రానీ" అని ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇగ రాడు బిడ్డా" అంది. ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు.